ఒక తుపాను – పలు గుర్తులు

1989వ సంవత్సరము నవంబరు 8వ తేదీ రాత్రి, నెల్లూరు జిల్లా కావలి సమీపమున ఒక ఘోరమైన తుపాను తీరమును దాటినది. అది మన సముద్రములో పుట్టినది కాదు. ఆ నెల మొదటి దినములలో థాయిలాండు సింధుశాఖలో పుట్టి, 4వ తేదీన ఆ దేశపు చుంఫోన్ రాష్ట్రమును ధ్వంసము చేసి, అక్కడి ఇరుకైన భూభాగమును దాటి బంగాళాఖాతములో ప్రవేశించినది. వెచ్చని నీటిమీద మరల బలము పుంజుకొని, పడమటి దిక్కుగా సాగి మన తీరమును తాకినది. ఒకే తుపాను రెండు సముద్రములలో, రెండు దేశములలో నాశనము కలిగించినది.

ఈ తుపానును గురించిన కాగితములను వెదకబోవు విద్యార్థికి ఒక చిక్కు ఎదురగును. పసిఫిక్ ప్రాంతపు తుపానులకు ఆ రోజులలో అమెరికా సైనిక వాతావరణ కేంద్రము పేర్లు పెట్టుచుండెడిది. ఆ కేంద్రము దీనికి ‘గే’ అని పేరు పెట్టి, తన పట్టికలో 32వ సంఖ్య ఇచ్చినది. జపాను వాతావరణ సంస్థ పుస్తకములలో దీని గుర్తు 8929. అనగా 1989వ సంవత్సరపు 29వ తుపాను. మన దేశములో అప్పటికి తుపానులకు పేర్లు పెట్టు ఆచారము లేదు; కనుక ఇది తీరము దాటిన చోటును బట్టి ‘కావలి తుపాను’ అయినది. ఈ నాలుగు గుర్తులును ఒక్క తుపానువే అని ముందుగా తెలిసినవానికి చిక్కు లేదు. తెలియనివాడు కావలి తుపాను పుట్టుకను ఒక పుస్తకములో వెదకి కానక, గే తుపాను అంతమును మరియొక పుస్తకములో వెదకి కానక, రెండు సగములను రెండు వేరు తుపానులుగా లెక్కించు ప్రమాదము కలదు.

సమాచారమును సేకరించుట ఒక పని. సేకరించినదానిపై పదిమందియు ఒకే గుర్తు వేయుట మరియొక పని. మొదటిదానికి పరికరములు చాలును. రెండవదానికి పనిచేయువారి సమ్మతి కావలెను. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు కార్యాలయములలో, తుదకు వేర్వేరు దేశములలో కూర్చుండి వ్రాయువారు తమ అలవాటును విడిచి అందరి అలవాటును స్వీకరించిననే అది సాధ్యము. బంగాళాఖాతపు తుపానుల విషయములో ఈ సమ్మతి ఏర్పడుటకు నూటయేబది సంవత్సరములకు పైగా పట్టినది. ఆ చరిత్ర నెల్లూరు తీరమునకు మిక్కిలి దగ్గరి చరిత్ర.

మాటలు కుదరని కాలము

తంతి లేని రోజులలో సముద్రముమీది గాలిని గురించి తెలిసికొనుటకు ఓడల దినచర్య పుస్తకములే ఆధారము. ప్రతి ఓడ నాయకుడును తాను చూచిన గాలిని తనకు తోచిన మాటలలో వ్రాయుచుండెను. ఒకరు పెనుగాలి అన్నదానిని మరియొకరు మామూలు గాలివాన అనుచుండిరి. భయపడినవాని గాలి పెద్దది, అనుభవశాలి గాలి చిన్నది. ఇంగ్లండు నౌకాదళమునకు చెందిన ఫ్రాన్సిస్ బోఫర్టు 19వ శతాబ్దము మొదట గాలి వేగమునకు 0 మొదలు 12 వరకు అంకెలు ఏర్పరచెను. ఏ గాలికి ఓడమీద ఎన్ని తెరచాపలు నిలుపవచ్చునో అను దానిని బట్టి ఆయన అంకె నిర్ణయించెను. నావికునకు తెరచాపలు దించుట నిత్యము చేయు పని. ఆ పనినే కొలబద్దగా చేసినందున, కొత్త అంకెలు నేర్చుకొనుట అతనికి బరువు కాలేదు. 1838లో బ్రిటిషు నౌకాదళము ఈ కొలతను తప్పనిసరి చేసినది.

కలకత్తాలో నౌకా విచారణ న్యాయస్థానమునకు అధ్యక్షుడుగానుండిన హెన్రీ పిడింగ్టన్ 1839 మొదలుకొని ఇటువంటి దినచర్య పుస్తకములను సేకరించి, బంగాళాఖాతపు తుపానులను ఒక్కొక్కటిగా పరిశీలించి వ్యాసములు ప్రకటించెను. ఒకే తుపానులో చిక్కుకొనిన ఓడలు గాలి దిక్కును వేర్వేరుగా వ్రాసినను, వాటినన్నింటిని పటముమీద ఉంచి చూచిన గాలి ఒక కేంద్రము చుట్టును తిరుగుచున్నట్లు స్పష్టమయ్యెను. గాలి బలముతో నిమిత్తము లేక, ఈ తిరుగుటను మాత్రమే తెలుపు మాట ఒకటి కావలెనని ఆయన తలంచెను. పాము చుట్టను స్ఫురింపజేయు గ్రీకు పదమునుండి ‘సైక్లోను’ అను మాటను కల్పించి, 1848లో నావికుల కొరకు వ్రాసిన పుస్తకములో వాడెను. ఆ పుస్తకముతో పాటు, వలయములు గీసిన పారదర్శకమైన కొమ్ము పలకలను కూడ ఇచ్చెను. నావికుడు ఆ పలకను పటముమీద పెట్టి, తన ఓడ తుపానుకు ఏ పక్కన ఉన్నదో, ఎటు తప్పించుకొనవలెనో తెలిసికొనవచ్చును. మాట ఒక్కటియే ఇచ్చియున్న అది పండితుల మాటగా మిగిలిపోయెడిదేమో. మాటతో పాటు ప్రాణము కాపాడు సాధనము కూడ చేతికి వచ్చినందున అది లోకవ్యవహారములో నిలిచినది.

మన భాషలోను ఈ చిక్కు కలదు. గాలివాన, తుపాను, ఉప్పెన అను మూడు మాటలను తీరవాసులు ఒకదానికి బదులు మరియొకటి వాడుదురు. గాలివాన గాలిని, వానను చెప్పును. ఉప్పెన సముద్రపు నీరు ఊరిమీదికి పొంగుటను చెప్పును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో వేలమందిని బలిగొన్నది ప్రధానముగా నీరు. కనుకనే ప్రజలు దానిని దివిసీమ ఉప్పెన అని జ్ఞాపకము పెట్టుకొనిరి. ప్రజల మాట ఆ విధముగా ఒక సత్యమును భద్రపరచినది. కాని గాలి వేగమును బట్టి తుపానులను వరుస పెట్టువాడు ఈ మూడు మాటలను విడదీసికొననిదే ముందుకు పోలేడు.

ఒకే గడియారము, ఒకే కొలత

1864వ సంవత్సరము అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న బందరును రెండు తుపానులు తుడిచిపెట్టినవి. ఒక్క నెల లోపల తూర్పు తీరమున వేలకు వేలు ప్రాణములు పోయినవి. మరుసటి సంవత్సరమే కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు పంపు ఏర్పాటు మొదలైనది. కాని వాతావరణ పరిశీలనలు ఒక్కొక్క రాష్ట్రములో ఒక్కొక్క రీతిగా జరుగుచుండెను. ఈ లోపమును తీర్చుటకు 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. భూగర్భ శాస్త్రజ్ఞుడు, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడు అయిన హెన్రీ బ్లాన్‌ఫర్డు దానికి మొదటి అధికారి అయ్యెను.

ఆయనకు ఎదురైన సమస్యను ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. బారోమీటరులో పాదరసపు మట్టము ఒక అంగుళములో పదవవంతు తప్పుగా చూపినచో, పీడనములో సుమారు 3.4 మిల్లీబారుల తేడా వచ్చును. ఒక వాయుగుండము తొలిదశలో దాని కేంద్రమునకును, చుట్టుపట్లకును మధ్యనుండు పీడనభేదము కొన్ని మిల్లీబారులే. కనుక నెల్లూరులోని పరికరము పదవవంతు ఎక్కువ, మద్రాసులోనిది పదవవంతు తక్కువ చూపినచో, ఆ రెండింటి మధ్య లేని వాయుగుండము పటముమీద పుట్టవచ్చును. ఉన్నది మాయము కావచ్చును. అంతియేకాక, పాదరసము వేడికి వ్యాకోచించును. ఎత్తు పెరిగినకొలది పీడనము తగ్గును. అందుచేత ప్రతి అంకెను ఒకే ఉష్ణోగ్రతకును, సముద్రమట్టమునకును సరిచేసి వ్రాయవలెను. పరిశీలన జరిగిన వేళ కూడ అందరిదియు ఒక్కటిగా నుండవలెను. ఉదయము 8 గంటల అంకెను, 10 గంటల అంకెను ఒకే పటములో చేర్చినచో ఆ పటము ఏ వేళదియు కాదు.

పరిశీలకులు అందరును శాస్త్రజ్ఞులు కారు. వైద్యశాలలలో, తంతి కార్యాలయములలో తమ ఉద్యోగముతో పాటు ఈ పనిని కూడ చేయువారు చాలమంది. అటువంటివానికి పాత పద్ధతి తన ఊరికి చాలునని తోచుట సహజము. నిన్నటికంటె నేడు పాదరసము దిగినదా, లేదా అనునది తెలిసికొనుటకు ఏ బారోమీటరయినను పనికివచ్చును. కొత్త పద్ధతివలన కలుగు లాభము అతనికి కనబడదు; అది వందల మైళ్ల దూరమున పటము గీయువానికి కనబడును. శ్రమ ఒకరిది, ఫలము మరియొకరిది. ఏ కార్యాలయములోనైనను ఏకరూప పద్ధతికి ఎదురగు మొదటి ఆటంకము ఇదియే.

ఈ ఆటంకమును దాటుటకు వాతావరణ శాఖ అనుసరించిన మార్గము గమనింపదగినది. బారోమీటరులను ప్రమాణ పరికరముతో పోల్చి, ఒక్కొక్కదాని తప్పు ఎంతయో నిర్ణయించిరి. పరిశీలకులు దగ్గర నుంచుకొనుటకు బ్లాన్‌ఫర్డు ఒక కరదీపికను వ్రాసెను. 1875 మొదలుకొని దేశ వాతావరణమును గురించిన వార్షిక నివేదికలు వెలువడినవి. ఎక్కడో ఒక మూల వ్రాసి పంపిన అంకె, తన ఊరి పేరుతో, దేశములోని ఇతర కేంద్రముల సరసన అచ్చులో కనబడినప్పుడు, ఆ అంకెను ఇతరులవలెనే ఎందుకు వ్రాయవలెనో వేరుగా బోధింప నక్కరలేదు.

రేవులోని గుర్తులు

ఏకరూపత ఎంత అవసరమో మొదట గట్టిగా తెలిసినది ఓడరేవులలో. 1865లో కలకత్తాకు మొదలైన హెచ్చరికలు 1880 నాటికి బొంబాయి, కరాచీ, రత్నగిరి మొదలగు పడమటి రేవులకును, 1886లో దేశములోని అన్ని రేవులకును వ్యాపించినవి. కాని ఒక రేవులో ఎగురవేయు గుర్తు మరియొక రేవులోని గుర్తువలె లేదు. ఓడ రేవునుండి రేవునకు పోవును. నిన్న చూచిన గుర్తుకు ఒక అర్థము, నేడు చూచిన అదే ఆకారమునకు మరియొక అర్థము అయినచో, ఆ హెచ్చరిక లేకుండుటకంటె అపాయకరము. 1898లో ఈ వేర్వేరు గుర్తులను తొలగించి అన్ని రేవులకును ఒకే పద్ధతి ఏర్పరచిరి. అది స్వల్పమైన మార్పులతో నేటివరకు నిలిచియున్నది.

ఈ పద్ధతిలో 11 గుర్తులు కలవు. పగలు స్తంభాకారములు, శంకువులు ఎగురవేయుదురు. రాత్రి ఎరుపు, తెలుపు దీపములు వెలిగింతురు. 1, 2 సంఖ్యలు దూరమున నున్న తుపానును తెలుపును. 3, 4 సంఖ్యలు రేవునకు రానున్న పెనుగాలిని తెలుపును. 5, 6, 7 ప్రమాద సూచికలు. 8, 9, 10 అతి ప్రమాద సూచికలు. వార్తాసంబంధములు తెగిపోయినవని తెలుపునది 11. చిన్న రేవులలో వీటిలో 3, 4, 7, 10, 11 అను ఐదు గుర్తులనే వాడుదురు.

కృష్ణపట్నము రేవులో 5వ నెంబరు ఎగురవేసినారనియు, తరువాత 6వ నెంబరు ఎగురవేసినారనియు పత్రికలలో చదివినవారు తుపాను మరింత బలపడినదని తలంతురు. ఇది పొరపాటు. 5వ నెంబరు అనగా తుపాను రేవును తన ఎడమవైపున ఉంచి దాటునని అర్థము. 6వ నెంబరు అనగా కుడివైపున ఉంచి దాటునని. 7వ నెంబరు అనగా రేవుమీదుగా గాని, దాని సమీపమున గాని దాటునని. 8, 9, 10 సంఖ్యలు ఇంకను తీవ్రమైన తుపాను విషయములో ఇదే క్రమమును తెలుపును. ఈ భేదము ఓడ నాయకునకు ప్రాణప్రదము. ఉత్తరార్ధగోళములో తుపాను గాలి గడియారపు ముండ్లకు ఎదురు దిశలో తిరుగును. కనుక పడమరగా వచ్చు తుపానుకు కుడివైపున, అనగా ఉత్తరమున, గాలి సముద్రమునుండి తీరమునకు వీచి నీటిని మీదికి తోయును. ఎడమవైపున గాలి తీరమునుండి సముద్రములోనికి వీచును. గుర్తు ఒక్కటియైనను దానిని చదువువారు ఇద్దరు: నావికుడు దిక్కును చదువును, గ్రామస్థుడు పరిమాణమును చదువును. ఒక వర్గము కొరకు ఏర్పడిన గుర్తును మరియొక వర్గమునకు అట్లే అందించినచో ఏమగునో ఇందువలన తెలియుచున్నది.

ఊరి పేరు, ఊరి సంఖ్య

బందరు, మచిలీపట్నము, మసూలిపట్నము – ఇవి ఒకే ఊరి పేర్లు. ఇంగ్లీషులో వాటిని వ్రాయు పద్ధతులు ఇంకను ఎన్నియో. తంతి వార్తలో పేరు పొడుగైనకొలది ఖర్చు. అక్షరము తప్పినచో ఊరే మారును. అంతర్జాతీయ వాతావరణ సంస్థలు దీనికి చేసిన ఏర్పాటు సులభమైనది. ప్రతి పరిశీలన కేంద్రమునకు ఐదు అంకెల సంఖ్య ఒకటి ఇచ్చిరి. మద్రాసు మీనంబాకము 43279, మచిలీపట్నము 43185, నెల్లూరు 43245. మొదటి రెండు అంకెలు ప్రాంతమును, తక్కిన మూడు కేంద్రమును తెలుపును. వార్తలోని ఉష్ణోగ్రత, పీడనము, గాలి, మేఘములు కూడ ఐదేసి అంకెల గుంపులుగానే పంపబడుచుండెను. ఏ భాష తెలిసినవాడైనను వాటిని చదువగలడు.

ఈ సంఖ్య విలువ జిల్లా సరిహద్దుల చరిత్రను చూచినచో తెలియును. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లానుండి కందుకూరు ప్రాంతము అందులోనికి పోయినది. 2008లో జిల్లా పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాగా మారినది. 2022లో కందుకూరు తిరిగి నెల్లూరులో చేరగా, గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతములు తిరుపతి జిల్లాలోనికి పోయినవి. వాటితో శ్రీహరికోటయు పోయినది. 1984 నవంబరు 14న శ్రీహరికోట వద్ద తీరము దాటిన తుపాను ఆనాటి కాగితములలో నెల్లూరు జిల్లా తుపాను. జిల్లా పేరునే గుర్తుగా పెట్టుకొని వెదకినచో, 1960లో నెల్లూరు తీరము పొడవు ఒకటి, 1980లో ఒకటి, 2022లో మరియొకటి. తుపానులు తగ్గినవో, తీరమే తగ్గినదో చెప్పుట కష్టము. అక్షాంశ రేఖాంశములు, కేంద్రపు సంఖ్య శాసనసభ నిర్ణయములతో మారవు. కనుక లెక్కలకు అవియే ఆధారము కావలెను.

మారిన తరగతులు

పరిశీలనలు పోగుపడిన పిదప వాటిని ఒక్కచోట చేర్చు పని మిగిలియుండెను. 1964లో వాతావరణ శాఖ, 1877 నుండి 1960 వరకు బంగాళాఖాతములోను, అరేబియా సముద్రములోను నడచిన తుపానుల, వాయుగుండముల మార్గములను పటములుగా అచ్చువేసినది. తరువాత అది పలుమార్లు పొడిగింపబడి, 2008లో 1891 మొదలుకొని కంప్యూటరుమీద చూడదగిన పటముల సంపుటిగా వెలువడినది.

ఈ పటములలో ప్రతి మార్గమునకును ఒక తరగతి గుర్తు కలదు. నేటి లెక్క ప్రకారము గాలి గంటకు 31 కిలోమీటర్లు చేరినచో వాయుగుండము. 50 చేరినచో తీవ్ర వాయుగుండము. 62 చేరినచో తుపాను. 89 చేరినచో తీవ్ర తుపాను. 118 చేరినచో అతి తీవ్ర తుపాను. 166 దాటినదానిని ఒక ప్రత్యేక తరగతిగాను, 221 దాటినదానిని సూపర్ సైక్లోనుగాను లెక్కింతురు. అయితే ఈ తరగతులన్నియు మొదటినుండి లేవు. 1989లో 118 దాటిన ప్రతి తుపానుకును ఒకే గుర్తు. సూపర్ సైక్లోను అను తరగతి 1990ల దశకము చివర వచ్చినది. 166తో మొదలగు తరగతి 2015లో వచ్చినది.

దీని ఫలితమును ఊహించుడు. పాత నివేదికలలో సూపర్ సైక్లోను అను మాట కానరాదు. కేవలము గుర్తును చూచి లెక్కించువాడు, 1999నాటి ఒడిశా తుపానుకు ముందు అటువంటివి మన సముద్రములో లేవని తేల్చును. అట్లు తేల్చుట ఘోరమైన పొరపాటు. ఏలయనగా కావలి తుపానును తరువాతి లెక్కలలో ఆ తరగతిలోనే చేర్చినారు. పైగా గాలి వేగమును అమెరికా కేంద్రము ఒక నిమిషపు సగటుగాను, మన శాఖ మూడు నిమిషముల సగటుగాను, మరికొన్ని దేశములు పది నిమిషముల సగటుగాను వ్రాయును. కాలము తగ్గినకొలది సగటు పెరుగును. అంకె ప్రక్కన ‘ఎన్ని నిమిషముల సగటు’ అను గుర్తు లేనిచో ఆ అంకెకు అర్థము లేదు.

ఇది పండితుల తగవు కాదు. 1971లో శ్రీహరికోటనుండి మొదటి రాకెట్టు ఎగిరినది. అక్కడ ఎత్తైన కట్టడములు లేచినవి. కృష్ణపట్నములో 2008లో పెద్ద రేవు ప్రారంభమైనది. తీరగ్రామములలో తుపాను ఆశ్రయ భవనములు కట్టబడినవి. ఇట్టి కట్టడము ఎంత గాలికి ఆగవలెను? అంతటి గాలి ఎన్ని సంవత్సరముల కొకసారి రావచ్చును? ఈ ప్రశ్నలకు జవాబు పాత కాగితములలోనే కలదు. ఆ కాగితములమీది గుర్తులు కలియనిచో గోడ మందము తప్పును.

తరగతుల విషయములో ఒక నియమము క్రమముగా స్థిరపడినది. గుర్తును మార్చవచ్చును, కాని మార్చిన తేదీని వ్రాయవలెను, పాత అంకెను చెరపరాదు. అంకె నిలిచియున్నచో కొత్త తరగతిలో దానిని ఎప్పుడైనను చేర్చవచ్చును. గుర్తు మాత్రమే మిగిలి అంకె పోయినచో ఎవరును ఏమియు చేయజాలరు.

ఎనిమిది దేశముల సమ్మతి

అంకెలు శాస్త్రజ్ఞులకు చాలును, ప్రజలకు చాలవు. ఒకే సమయమున రెండు తుపానులు సముద్రములో నున్నప్పుడు ‘ఇన్ని డిగ్రీల ఉత్తర అక్షాంశము వద్ద నున్న తుపాను’ అని రేడియోలో చెప్పిన మత్స్యకారునకు ప్రయోజనము స్వల్పము. అట్లాంటిక్, పసిఫిక్ ప్రాంతములలో 20వ శతాబ్దపు నడుమనుండియే తుపానులకు పేర్లు పెట్టుచుండిరి. బంగాళాఖాతములో మాత్రము ఇది చాలకాలము సాగలేదు. ఇక్కడి తీరదేశముల భాషలు, మతములు, ఆచారములు వేరు. ఒక దేశములో మంచి మాట మరియొక దేశములో చెడ్డమాట కావచ్చును. వందలమందిని చంపిన తుపానుకు తమ దేవత పేరో, రాజు పేరో ఉండుటను ఎవరును సహింపరు.

ఈ ప్రాంతపు తుపానుల విషయమై దేశముల సంఘము 1972లో ఏర్పడినది. పేర్లు పెట్టవలెనని 2000లో మస్కట్ సమావేశమున సూత్రప్రాయముగా అంగీకరించిరి. మొదటి పేరు 2004 సెప్టెంబరు తరువాతగాని వాడుకలోనికి రాలేదు. అంగీకారమునకును ఆచరణకును మధ్య నాలుగు సంవత్సరములు పట్టినది. ఆ కాలమున కుదిరిన పద్ధతి ఇది: ఎనిమిది దేశములు ఒక్కొక్కటి ఎనిమిదేసి పేర్లు ఇచ్చినవి, దేశముల పేర్ల అక్షరక్రమమున ఒక్కొక్క పేరు వంతుగా వచ్చును, గాలి 62 కిలోమీటర్లు చేరినప్పుడు ఢిల్లీలోని ప్రాంతీయ కేంద్రము ఆ వంతు పేరును ప్రకటించును. మొదటి పేరు బంగ్లాదేశము ఇచ్చిన ‘ఒనిల్’. మన దేశము ఇచ్చిన ‘అగ్ని’ కూడ అదే సంవత్సరము వంతుకు వచ్చినది. 64 పేర్లలో చివరిది, థాయిలాండు ఇచ్చిన ‘అంఫన్’, 2020 మే నెలలో వాడబడినది. అప్పటికే 13 దేశములు కలిసి 169 పేర్ల కొత్త పట్టికను సిద్ధము చేసినవి.

ఒక పెద్ద దేశము తన పేర్లను అందరిమీద రుద్దలేదు. ప్రతి దేశమునకును సమానమైన వాటా, సమానమైన వంతు లభించినవి. తన మాట పట్టికలో ఉన్నవాడు పరాయి మాటను కూడ గౌరవించును. అభ్యంతరము చెప్పుటకు దారి కూడ ఉంచిరి. 2013లో శ్రీలంక ఇచ్చిన ‘మహాసేన్’ అను పేరు ఒక ప్రాచీన రాజుదని అక్కడి ప్రజలే ఆక్షేపింపగా, ఆ తుపానుకు ‘వియారు’ అని పేరు మార్చిరి. 2020నాటి నియమములలో పేరు చిన్నదిగా, ఎనిమిది అక్షరములకు మించకుండ నుండవలెననియు, రాజకీయములకు, మతమునకు, స్త్రీపురుష భేదమునకు సంబంధము లేనిదై యుండవలెననియు, పలుకుబడిని కూడ వినిపింపవలెననియు చేర్చిరి. ఒకసారి వాడిన పేరు ఈ పట్టికలో మరల రాదు.

తెలుగులో మిగిలిన పని

పలుకుబడి నియమము ఎంత అవసరమో 2023 డిసెంబరులో నెల్లూరు తీరము చూచినది. ఆ నెల 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటిన తుపాను అంతకుముందు నెల్లూరు జిల్లాను వానలతో ముంచినది. దాని పేరు మ్యాన్మారు ఇచ్చినది. ఇంగ్లీషు అక్షరములను చూచి తెలుగు పత్రికలు ‘మిచౌంగ్’ అనియు, ‘మిచాంగ్’ అనియు వ్రాయగా, సరియైన పలుకుబడిని విన్నవారు ‘మిగ్‌జాం’ అని వ్రాసిరి. 13 దేశములు ఒక్క గుర్తుపై సమ్మతించిన పిదప కూడ, మన భాషలో అది మూడుగా చీలినది. పది సంవత్సరములు గడచిన తరువాత పాత పత్రికలలో ఆ తుపానును వెదకువాడు మూడు మాటలతో వెదకవలసి యుండును.

తరగతుల మాటలకును ఇదే గతి. వాయుగుండము వేరు, తుపాను వేరు అని పట్టిక చెప్పును. శీర్షికలలో మాత్రము ప్రతి వాయుగుండమును తుపాను అగును. తుపాను అని పదిసార్లు విని ఏమియు కానప్పుడు, పదకొండవసారి మత్స్యకారుడు పడవను ఒడ్డున పెట్టడు. మాట విలువ పోయినచో హెచ్చరిక విలువ పోవును.

దీనికి మంచి ఉదాహరణ కూడ ఈ తీరమునందే కలదు. 1980ల దశకములో ఇన్సాట్ ఉపగ్రహము ద్వారా హెచ్చరికలను నేరుగా అందుకొను యంత్రములను మొదట దక్షిణాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరములలో నెలకొల్పిరి. ప్రతి ప్రాంతపు యంత్రమునకును ఒక సంకేతము కలదు. ఆ సంకేతముతో పంపిన హెచ్చరిక ఆ ప్రాంతములోనే మోగును. మోగిన తరువాత స్థానిక భాషలోనే మాటలు వినబడును. ముప్పు లేనిచోట మోగదు. ముప్పు ఉన్నచోట తెలియని మాట వినబడదు. యంత్రమునకు ఒక గుర్తు, మనుష్యునకు ఒక మాట – రెండును వేర్వేరుగా, ఒకదానికొకటి ముడిపడి యుండుటయే అందులోని కీలకము.

నూటయేబది సంవత్సరముల ఈ చరిత్రలో ఏకరూపత ఆజ్ఞలవలన మాత్రమే వచ్చిన ఘట్టము ఒకటియు కానరాదు. బోఫర్టు అంకె నావికుని తెరచాపనుండి పుట్టినది. పిడింగ్టన్ మాటతో పాటు కొమ్ముపలక వచ్చినది. పరిశీలకుని అంకె అచ్చులో అతనికి తిరిగి కనబడినది. దేశములకు పేర్లలో వాటా దక్కినది. గుర్తు వేయువానికి ఆ గుర్తువలన ఏదో ఒక మేలు కలిగినప్పుడే, లేక దానిని నిర్ణయించుటలో అతని మాట చెల్లినప్పుడే అది నిలిచినది. కచ్చేరీలో దస్తావేజులకు క్రొత్త పేర్లు పెట్టదలచినవారికిని, ఆసుపత్రిలో రోగుల చీటీలకు ఒకే పద్ధతి తేదలచినవారికిని ఇంతకు మించిన పాఠము అక్కరలేదు.

దేశములోని వాతావరణ కేంద్రములలో ఉదయము ఎనిమిదిన్నరకు పరిశీలన జరుగును. నెల్లూరు అంకెలు 43245 అను సంఖ్య క్రింద చేరును. తుపాను ఉన్ననాడును, లేనినాడును ఆ వరుస తప్పరాదు. తరువాతి తుపాను ఏ పేరుతో వచ్చినను, దానిని పాతవాటితో పోల్చి చూచుటకు ఆ వరుసయే ఆధారము.